పాత డిస్కులు నాలుగు, మదర్‌బోర్డు ఒకటి



పెండ్లిండ్ల దినములలో మా అన్నవరమున రత్నగిరిమీద వ్రతము చేసికొని దిగివచ్చు క్రొత్త దంపతులు లెక్కకు మిక్కిలిగ కనబడుదురు. 2023వ సంవత్సరము మాఘమాసములో అట్టి జంట యొకటి మా యింటి వాకిట నిలిచినది. వరుడు కాట్రేనికోన ప్రాంతమువాడు. ఆకు పొట్లములోని గోధుమనూక ప్రసాదము నా చేతిలో పెట్టి, "మాస్టారండీ, తుపాను తరవాత మా మామ్మ మాటలు మీరు టేపులో పట్టారంటండి. మా నాన్నగారు చెప్పారండి. ఆ గొంతు ఇంకా ఉందాండి?" అని యడిగెను.

ఉన్నదని తల యూపితిని. ఒక్కమారు తల యూపినందుకు నాకు రెండు మాసముల పని పడినది. ఆ పనిలో నేను నేర్చుకొన్న చిన్న చరిత్రను నేడు మీకు విన్నవింపదలచితిని. అది రాజుల చరిత్ర కాదు, యుద్ధముల చరిత్ర కాదు. కంప్యూటరులోని డిస్కునకును, మదర్‌బోర్డునకును నడుమ నుండు తీగల చరిత్ర. వినుటకు నీరసముగ తోచవచ్చును. కాని మన యిండ్లలో పెండ్లి చిత్రములును, పొలముల పత్రముల నకళ్లును, గతించినవారి గొంతులును నేడు ఆ తీగల చివరనే వ్రేలాడుచున్నవి గనుక కొంచె మోర్చి వినుడు.

1996వ సంవత్సరము నవంబరు 6వ తేదీ రాత్రి కాకినాడకు దక్షిణమున తీరము దాటిన ఆ పెనుతుపానును పెద్దలకు నేను జ్ఞాపకము చేయ నక్కరలేదు. వేయికి మించిన ప్రాణములు పోయెను. వేటకై సముద్రము మీదికి పోయినవారిలో ననేకులు తిరిగి రాలేదు. కోనసీమలో కొబ్బరితోటలు కోత కోసినట్లు నేలబడెను. అప్పుడు నేను కోనసీమలోనే యొక పాఠశాలలో ఉపాధ్యాయుడను. మరుసటి వేసవిలో తోటి ఉపాధ్యాయుడొకరును నేనును టేపురికార్డరు పట్టుకొని ఊరూర తిరిగి, ప్రాణములతో బయటపడిన ఇరువదియేడుగురు వృద్ధుల మాటలను క్యాసెట్లలో నెక్కించితిమి. ఎవరు మాటాడిరో, ఏ వీధివారో, ఎవరెవరిని పోగొట్టుకొనిరో ఆ పట్టికను అదే యేట నేను కొన్న మొదటి కంప్యూటరులో తెలుగున టైపు చేసితిని.

2001లో రెండవ కంప్యూటరు కొంటిని. టేపురికార్డరునుండి దానికి తీగ కలిపి, క్యాసెట్లలోని మాటలన్నియు రాత్రుళ్లు కూర్చుండి డిస్కులోనికి దింపితిని. క్యాసెట్లకు అప్పటికే బూజు పట్టినది. 2006లో ఇల్లు సున్నము వేయించునపుడు, డిస్కులో నున్నవి కదా యని వానిని పారవేయించితిని. ఆ తప్పు నాది. మరి యెవరిదియు గాదు.

2008లో నాలుగవ కంప్యూటరు వచ్చినది. పాతదానిలోని సమస్తమును దీనిలోనికి నకలు చేసితినని పదునైదేండ్లు నమ్మి యుంటిని. ఆ కుర్రవాడు వెళ్లిన సాయంకాలము తెరచి చూచితిని గదా, ఇరువదియేడు పేర్లును వరుసగ నున్నవి. ఒక్కదానిలోను గొంతు లేదు. నేను నకలు చేసినవి ధ్వనులు కావు, ఆ ధ్వనులుండు చోటునకు దారి చూపు గుర్తులు మాత్రమే. షార్ట్‌కట్టు లందురు. ఇంటికి బదులు ఇంటి చిరునామా మోసికొని వచ్చిన వానివలె నుంటిని.

ఇక పాత డిస్కులే శరణ్యము. అటకమీది ట్రంకుపెట్టెలో మూడు దొరికినవి: 1997 నాటిది, రెండు గిగాబైట్లకు కొంచె మెక్కువ, 2001 నాటిది, ఇరువది, 2004 నాటిది, ఎనుబది. 2008 నాటిది నాలుగవది. మూటకట్టి ఉంచినందుకు మూడును చెక్కుచెదరక యుండెను. కాని నా మనుమడు వాడు నేటి కంప్యూటరు మూత తీసి చూడగా, పాత మూడింటిలో నొక్కదానికైన తగిన సాకెట్టు దానిలో లేదు. యు.ఎస్.బి. ద్వారమునకు పాత డిస్కును తగిలించు అడాప్టరొకటి తెప్పించి ఇరువది గిగాబైట్లదానిని కలిపితిమి. అది కొంతసేపు తిరిగి ఆగి, మరల తిరిగి, తెరమీద నొక ప్రశ్న పడినది: ఈ డిస్కును ఫార్మాటు చేయవలెనా? చేయవలెనన్నచో లోపలి విషయపట్టిక తుడిచిపెట్టుకొని పోవును. మనుమని వ్రేలు మీటవరకును పోయినది. నేను కేక వేసితిని. ఆ రాత్రి నిద్ర రాలేదని వేరుగ చెప్పనేల?

క్రొత్త యంత్రము పాతదానిని ఏల యెరుగదు? ఇందుకు కొంత వెనుకకు పోవలెను.

హార్డు డిస్కనునది అయస్కాంతపు పూత పూసిన పళ్లెముల పేర్పు. పళ్లెము గిరగిర తిరుగుచుండగా, సన్నని చేతి చివరనున్న ముల్లు దానిని తాకక, వెండ్రుకవాసికన్న తక్కువ యెడముతో తేలుచు వ్రాయును, చదువును. 1956లో ఐ.బి.ఎం. సంస్థ దీనిని మొదట లోకమునకు చూపినప్పుడు పళ్లెమొక్కటి రెండడుగుల వెడల్పు, అట్టివి ఏబది. బీరువా యంత పెట్టె. దానిలో పట్టినవి ఏబది లక్షల అక్షరములు. 1980లో సీగేటువారి మొదటి చిన్న డిస్కు వచ్చినది. దానిలోను పట్టినవి ఏబది లక్షల అక్షరములే, కాని పళ్లెము అయిదుంబావు అంగుళములు. బీరువా ఇరువదినాలుగేండ్లలో బల్లమీది పెట్టెలో నిమిడినది.

ఆ కాలపు డిస్కునకు బుద్ధి లేదు. పళ్లెమును త్రిప్పుటయు, ముల్లును కదల్చుటయు మాత్రమే దాని పని. ఎక్కడ నేమి వ్రాయవలెనో నిర్ణయించు తెలివియంతయు కంప్యూటరులో గ్రుచ్చు వేరొక కార్డులో నుండెడిది. డిస్కునుండి ఆ కార్డునకు రెండు పట్టీ కేబుళ్లు: ఆజ్ఞలకు ముప్పదినాలుగు పిన్నులదొకటి, సమాచారమునకు ఇరువది పిన్నులదొకటి. ఒక కార్డుతో వ్రాసిన డిస్కును మరియొక తరహా కార్డుతో చదువబోయిన తరచు పలుకదు.

1986 ప్రాంతమున కాంపాక్, వెస్టర్న్ డిజిటల్, కంట్రోల్ డేటా అను మూడు సంస్థలు కలిసి ఆ తెలివిని డిస్కు వీపుమీదికే యెక్కించినవి. అదియే ఐ.డి.ఇ. పద్ధతి. ఇక డిస్కు తన లెక్క తానే చూచుకొనును. మదర్‌బోర్డు చేయవలసినది సమాచారము పంపుట, పుచ్చుకొనుట. నలుబది పిన్నులు, పదునెనిమిది అంగుళములు మించని పట్టీ కేబులు, ఆ కేబులుమీద రెండు డిస్కులు. 1994లో దీనికి అమెరికా దేశపు ప్రమాణముద్ర పడినది. కొలదికాలములోనే బోర్డుమీద రెండు సాకెట్లుంచుట పరిపాటియై, నాలుగు డిస్కులకు వీలు కలిగెను. పెద్ద యంత్రములలో స్కజీ యను వేరొక పద్ధతి యుండెడిది. అందులో నొకే వరుసమీద ఏడింటిని తగిలింపవచ్చును. అది వెల యెక్కువ. మన ఊళ్లకు అంతగా రాలేదు.

ఒక కేబులుమీద రెండు డిస్కులుండుట యెట్లు? ఒక పిల్లకాలువ క్రింద రెండు చేలున్నట్లే. ఇద్దరును ఒకేసారి మడవ తీసిన నీరు ఎవరికిని సరిగ నందదు. అందుచేత ఒకనికి మొదటి వంతు, ఒకనికి రెండవ వంతు. డిస్కు వెనుక జంపరను చిన్న తొడుగు నుంచి, ఇది మొదటిది, ఇది రెండవదియని ముందే చెప్పవలెను. వీనికి మాస్టరనియు స్లేవనియు పేర్లు పెట్టిరి. యజమాని, బానిస! ఈ పేర్లు నాకు నచ్చవు. నచ్చకపోవుట యటుంచి, అబద్ధము కూడ. ఒకటి రెండవదానిపై పెత్తనము చేయదు. దేని తెలివి దానికే కలదు. ప్రమాణపత్రములలోనైతే సున్న సంఖ్యగల పరికరము, ఒకటి సంఖ్యగల పరికరము అని మర్యాదగానే వ్రాసిరి. వాడుకలో మాత్రము దొరతనమే నిలిచినది.

వేగము పెరిగినకొలది క్రొత్త చిక్కు వచ్చినది. ప్రక్కప్రక్కనే పరుగెత్తు తీగలలో ఒకదాని విద్యుత్తు మరియొకదానిలోనికి ఊరసాగెను, గట్టు లేని చేలలో నీరు ఊరినట్లు. అందుకు 2000 ప్రాంతమున కేబులులో మరి నలుబది తీగలు చేర్చిరి. ఆ నలుబదియు ఏ వార్తయు మోయవు. వార్త మోయు తీగల నడుమ గట్టుగ నుండుటయే వాని పని. పిన్నులు మాత్రము పాత నలుబదియే. దానికి నీలి కొన మదర్‌బోర్డునకు, నల్లని కొన మొదటి డిస్కునకు, బూడిదరంగు కొన రెండవదానికి. ఈ రంగులు మీలో నెవరికైన పాత కంప్యూటరున్నచో నేటికిని పనికివచ్చును.

ఇంతటితో ఆ పద్ధతి పూర్తిగ సాగిలబడినది. ఐ.డి.ఇ.లో పదునారు తీగలమీద పదునారు అంకములు ఒకేసారి బయలుదేరి ఒకేసారి చేరవలెను. పదునారు బండ్లను ప్రక్కప్రక్కన తోలుకొనిపోవుచు ఒక్క బండియు వెనుకబడకుండ చూడుమన్నట్లు. మెల్లగ పోవునంతకాలము సాగును; పరుగెత్తించిన సాగదు. అందుచే 2003లో సాటా యనునది వచ్చెను. బండ్లను ప్రక్కప్రక్కన గాక ఒకదాని వెనుక నొకటిగ, మిక్కిలి వేగముగ తోలుట దాని సూత్రము. ఏడు పిన్నుల సన్నని కేబులు, డిస్కునకొక కేబులు. వంతులు లేవు, జంపరు లేదు, మొదటివాడు రెండవవాడు లేడు. 2006లో ఇంటెల్ సంస్థ తన బోర్డుచిప్పులలో ఐ.డి.ఇ.ని మానివేసినది. కొందరు బోర్డు తయారించువారు ఇతరుల చిప్పులతో మరికొన్ని యేండ్లు ఒక సాకెట్టు నిలిపిరి. తరువాత అదియు పోయెను. 1986లో పుట్టిన భాష ఇరువది యేండ్లకు పలుకువారు లేనిదైనది.

ఈ చరిత్రలో నాకు వింతగ తోచిన దొకటి. క్రొత్త బోర్డు పాత డిస్కును ఎరుగకపోవుట సహజమే. పాత బోర్డును క్రొత్త డిస్కు నెరుగదు. 1990ల నడుమ వచ్చిన బోర్డులలో అనేకము ఎనిమిదిన్నర గిగాబైట్లకు మించిన డిస్కును కొలువలేవు. తరువాతివానికి నూటముప్పదియేడు గిగాబైట్లు హద్దు. డిస్కులోని గదులను లెక్కించుటకు వాడిన అంకె పొడవు చాలకపోవుటయే కారణము. నాలుగంకెల గడిలో లక్ష వ్రాయలేము గదా. కాబట్టి నా 1997 నాటి పాత పెట్టెయే యున్నను, దానికి ఇరువది గిగాబైట్లదానిని తగిలించుట నిష్ఫలము. నాకు కావలసినది ముసలిదియు కాదు, పడుచుదియు కాదు. రెండు తరముల మాటయు తెలిసిన నడివయసు బోర్డు.

అట్టిదానిని తునిలో పాత కంప్యూటర్లు బాగుచేయు నొక కుర్రవాడు తన దుకాణపు మూలనుండి తీసి తెచ్చెను. 2003లో వెలువడిన ఇంటెల్ 865 తరగతి బోర్డు. దానిమీద ఐ.డి.ఇ. సాకెట్లు రెండు, సాటా సాకెట్లు రెండు. మూడేండ్ల సంధికాలములో పుట్టిన ఇట్టి బోర్డులు రెండు భాషల దుబాసీలు. నాలుగు పాత డిస్కులను, నకలు పుచ్చుకొనుటకు క్రొత్తగ కొన్న డిస్కును, వెరసి అయిదింటిని ఒకేసారి తగిలింపవచ్చును: మూడు ఐ.డి.ఇ. వైపున, రెండు సాటా వైపున.

మొదటిదినము రెండు పొరపాట్లు జరిగెను. ఇరువది, ఎనుబది గిగాబైట్ల రెండింటిని ఒకే కేబులుమీద తగిలించితిమి. తెరమీద రెండింటిలో నొకదాని పేరును రాలేదు. ఒకమారు మాత్రము ఏవో చెదరిన అక్షరములు పడినవి. ఆ కుర్రవాడు నవ్వి, "రెండూ ఎవరింట్లో వాళ్లు పెద్దోళ్లేనండి, మాస్టారూ. ఒకింట్లో పెట్టేసరికి ఒకళ్ల మాటకి ఒకళ్లు అడ్డం వస్తన్నారు" అనెను. రెండును తమ తమ కంప్యూటర్లలో ఒంటరిగ నున్నవి గనుక రెండింటి జంపర్లును మొదటి స్థానముననే యున్నవి. డిస్కుమీది చీటీలో ఏ జత పిన్నులు ఏ స్థానమునకో బొమ్మ వేసియుండును; కొన్ని డిస్కులలో ఒంటరి, మొదటిది, రెండవది అని మూడు స్థానములు. చీటీ చదివి జంపరు మార్చగానే రెండును పలికినవి.

రెండవ పొరపాటు ఇంతకన్న ప్రమాదకరము. నాలుగు డిస్కులలోను ఒక్కొక్క విండోసు కలదు. కంప్యూటరు మేలుకొనునప్పుడు ఏ డిస్కునుండి మేలుకొనవలెనో బయాసనునది నిర్ణయించును. మేము చెప్పక మునుపే అది 2004 నాటి డిస్కును పట్టుకొని, ఇరువదియేండ్ల నాటి తెర చూపి, ప్రక్క డిస్కులో తప్పులున్నవి, దిద్దుచున్నాను అని మొదలుపెట్టెను. దిద్దుట యనగా వ్రాయుట. చదువదలచిన పాత డిస్కుమీద ఒక్క అక్షరమైనను వ్రాయరాదు. కుర్రవాడు ఆలోచింపక మీట నొక్కి ఆర్పివేసెను. తరువాత పెన్‌డ్రైవులోని లినక్సు నుండి మేలుకొలిపి, డిస్కులను చదువుటకు మాత్రమే తెరచునట్లు చేసితిమి.

కరెంటు సంగతియు చెప్పవలెను. మూడున్నర అంగుళముల డిస్కు తిరుగుచున్నప్పుడు తినునది కొంచెము. కదలునప్పుడు లాగునది చాల యెక్కువ, నిలిచియున్న బండిని తొలుత కదల్చునప్పుడు ఎడ్లు పడు బాధవలె. అయిదును ఒక్కసారి కదలగా పాత ఎస్.ఎం.పి.ఎస్. పెట్టె ఒక మూలుగు మూలిగెను. ఇంటివద్ద అడాప్టరుతో డిస్కు తిరిగి తిరిగి ఆగిపోయినది కూడ ఇందువలననే యని కుర్రవాడు చెప్పెను; దానితో వచ్చిన చిన్న కరెంటు దిమ్మకు ఆ శక్తి లేదు. క్రొత్త ఎస్.ఎం.పి.ఎస్. తెచ్చి, ఇన్వర్టరు మీద నుంచి మరల మొదలుపెట్టితిమి.

అప్పుడు వినబడినది ఇరువది గిగాబైట్లదాని చప్పుడు. టిక్కు, టిక్కు, కొంత యూరక, మరల టిక్కు. గొంతులున్నది దానిలోనే. ముల్లు తాను చేరవలసిన గీతను వెదకి, దొరకక, మొదటికి వచ్చి మరల పోవు చప్పుడది. దానిని జంటనుండి తీసి కేబులుమీద ఒంటరిగ నుంచితిమి. ఒకే కేబులుమీద ఒకటి పని పూర్తి చేయువరకు రెండవది కనిపెట్టుకొని యుండవలెను. రోగి ప్రక్కన బలముగలవాడును నిలిచిపోవును. మొదటి సాకెట్టున రోగి, రెండవ సాకెట్టున ఆరోగ్యముగల రెండు.

ఆ మాటలు నకలు చేసిన తీరు మీకు చెప్పదగినది. ఫైలు వెంట ఫైలు తీయబోయిన, చెడినచోట యంత్రము మొండిగ నిలిచి, ఉన్న ఆయువును అక్కడనే వెచ్చించును. అందుకు డీడీరెస్క్యూ అను పనిముట్టు కలదు. అది డిస్కును మొదటినుండి తుదివరకు చూచుచు, సులభముగ వచ్చినదానిని ముందు పుచ్చుకొనును. రానిచోటును పట్టికలో గుర్తు వ్రాసికొని దాటిపోవును. సులువైనదంతయు చేతికి వచ్చిన పిమ్మట గుర్తు పెట్టినచోట్లకు తిరిగి వచ్చి, కొంచెము కొంచెముగ గీకును. కోత ముగించి, పరిగె యేరుకొన్నట్లు. నడుమ ఆపినను పట్టిక యుండును గనుక మరల మొదటినుండి మొదలిడ నక్కరలేదు. మూడు రాత్రులు, రెండు పగళ్లు అది సాగెను. నాలుగవ ఉదయమున చప్పుడాగినది. డిస్కు మరి పలుకలేదు.

ఆ మూడు రాత్రులును నాకు జ్ఞాపకము వచ్చినవాడు సి.పి. బ్రౌను. 1820లలో బందరునను, రాజమహేంద్రవరమునను కొలువు చేసిన ఆ దొర, పురుగు తినుచున్న తాటాకు ప్రతులను ఊరూర సేకరించి, కడపలో తన యింట పండితులను, లేఖకులను జీతమిచ్చి పెట్టుకొని తిరుగవ్రాయించెను. అంతకు ముందు మెకంజీ కొరకు కావలి సోదరులు గ్రామ గ్రామమున కైఫీయతులు వ్రాసి తెచ్చిరి. తాటాకునకు ఒక సుగుణము కలదు: చదువుటకు దీపమును, కన్నును చాలును, ఏ బోర్డునకును తగిలింప నక్కరలేదు. కాని అదియు నూరు, రెండు నూర్ల యేండ్లకు తిరుగవ్రాయవలసినదే. డిస్కునకు ఆ గడువు పదియో, పదునైదో యేండ్లు. అంతే భేదము. మన కాలముననే తెలుగువాడైన రాజ్ రెడ్డి గారు పూనికతో నడిపిన పుస్తకముల స్కానింగు యత్నమును చూడుడు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేర వేలకొలది తెలుగు పుస్తకములు కంప్యూటరునకెక్కెను. తరువాత ఆ వెబ్‌సైటు మూతపడినది. అయినను ఆ పుస్తకములను నేడు మనము చదువగలుగుచున్నామనిన, వాని ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవునకు చేరియుండుటయే కారణము.

ఇక ఫలితము. ఇరువదియేడు గొంతులలో ఇరువదిరెండు పూర్తిగ దక్కెను. మూడు నడుమ తెగినవి. రెండు లేనే లేవు. కాట్రేనికోన కుర్రవాని మామ్మ గొంతు తెగిన మూడింటిలో నొకటి.

ఆమె మొదట మెల్లగ చెప్పును. గాలి దిక్కు మారుట, ఇంటి కప్పు లేచిపోవుట, నీరు వచ్చుట. ఏడ్పు లేదు. తెల్లవారి నీరు తీసిన పిమ్మట తమ వీధిలో ఎవరెవరు లేరో చెప్పుదునని, ఒక్కొక్క పేరును, ఆ పేరుగలవారు ఎవరి బిడ్డలో, ఏ పని చేయువారో చెప్పసాగును. నాలుగవ పేరు చెప్పి, "ఆ పక్కింటి..." అనును. అక్కడ డిస్కు చెడినది. ఆ తరువాత గరగర.

ఆ పేర్లు నేను టైపు చేసియుంటినని అప్పుడు స్ఫురించెను. 1997 నాటి డిస్కు, నాలుగింటిలో ముసలిది, ఏ టిక్కును లేక పలికినది. పట్టిక దొరికెను. తెరచితిమి గదా, తెలుగు లేదు. ఇంగ్లీషు లిపిలో అర్థములేని గిలుకుడు. నేటి యూనికోడు పద్ధతి తెలుగునకు 1991లోనే ఏర్పడినను, అది సామాన్యుల కంప్యూటర్లకు దిగివచ్చుట 2001లో విండోసు ఎక్స్‌పీతోడనే. దానిలోని తెలుగు ఫాంటునకు మన నది పేరే, గౌతమి యని పెట్టిరి. అంతకుముందు ఒక్కొక్క ఫాంటు తయారించువారు ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తమకు తోచిన తెలుగు ముక్కల నుంచిరి. ఆ ఫాంటు లేనిదే ఆ వ్రాత చదువరాదు. ఆ ఫాంటు 1997 డిస్కులో చెడియుండెను. వెదకగా, 2004 నాటి ఎనుబది గిగాబైట్ల డిస్కులో, విండోసు ఫాంట్ల సంచిలో, నేను మరచిపోయిన మూల దొరికినది. గొంతు ఒకదానినుండి, పేర్లు ఒకదానినుండి, అక్షరములు మరియొకదానినుండి తీసి క్రొత్తదానిలో చేర్చితిమి. నాలుగింటిని ఒకే బోర్డునకు తగిలింపని యెడల ఈ మూడును ఒకచోట కూడెడివి కావు.

పట్టికలో ఆ వీధికి తొమ్మిది పేర్లు. గొంతులో నాలుగు, కాగితముమీద అయిదు. పెన్‌డ్రైవులో ఆమె మాటలను, నా దస్తూరితో వ్రాసిన మిగిలిన పేర్లను కవరులో నుంచి పంపితిని. బోర్డును తుని కుర్రవానికి తిరిగి యిచ్చివేసి, ఏ జంపరు ఎక్కడ నుండవలెనో చీటీ వ్రాసి దానికే అంటించితిని.

పదిదినముల పిమ్మట కుర్రవాని తండ్రి ఫోను చేసెను. అమ్మ గొంతు రెండుమార్లు విన్నానని చెప్పి, కొంచెము సేపు మాటాడలేదు. తరువాత, "మాస్టారూ, ఆరో పేరు తప్పు పడిందండి. ఆవిడ పేరు అది కాదండి, వాళ్ల తోటికోడలి పేరండి అది. తోటికోడలు బతికే ఉన్నారండి" అనెను. సరియైన పేరు చెప్పించుకొని, పట్టికలోను, రెండు నకళ్లలోను దిద్దితిని.